బల్లమీది రణభూమి

మినియేచర్ వార్‌గేమ్ అంటే వేలెడంత కూడా లేని సైనికుల బొమ్మలను పెద్ద బల్లమీద బారులు తీర్చి, దూరాలను టేపుతో కొలుస్తూ, కాల్పుల ఫలితాన్ని పాచికలతో తేలుస్తూ, ఇద్దరు లేదా అంతకు మించిన ఆటగాళ్లు ఒక పోరాటాన్ని వంతులవారీగా నడిపే ఆట. చదరంగపు పలక ఎన్ని ఆటలాడినా మారదు, అందులో ఒక గడికీ ఇంకొక గడికీ ఎత్తుపల్లాల తేడా ఉండదు. ఈ ఆటలో మాత్రం సాధారణంగా గడులే ఉండవు, వాటికి బదులు కొండ, వాగు, అడవి, రాతిగోడ, పంటపొలం, ఊరు తమ తమ రూపాలతో బల్లమీద లేచి నిలబడతాయి, ఆట ఆటకూ వాటి అమరిక మారుతుంది. ఈ నేలనూ, దానిమీది కట్టడాలనూ కలిపి ఆటగాళ్లు టెర్రైన్ అంటారు. చూసేవారికి అది బొమ్మల వెనుక పెట్టిన అలంకారంలా తోచవచ్చు గాని, గెలుపోటములను నిర్ణయించడంలో బొమ్మలకున్నంత పాత్ర నేలకూ ఉంది. కాబట్టి టెర్రైన్ కట్టేవారు కంటికి నచ్చేలా నేలను మలచినంత మాత్రాన చాలదు, అది చేతికీ, కొలతకూ, ఆట నియమానికీ కూడా లొంగాలి. ఈ రెండు అవసరాలూ తరచు ఒకదానికొకటి అడ్డుపడతాయి. వాటిమధ్య సంధి కుదర్చడంలోనే ఈ పనిలోని నైపుణ్యమంతా ఉంది.

నేల ఆటలోకి ముఖ్యంగా చూపు, మాటు, నడక అనే మూడు దారుల్లో ప్రవేశిస్తుంది. ఆటగాడు తన బొమ్మ ఎత్తుకు వంగి చూసినప్పుడు, ఎదుటి బొమ్మకూ దానికీ నడుమ కొండో ఇల్లో అడ్డొస్తే కాల్పులు జరపడానికి వీల్లేదు. దీన్ని దృష్టిరేఖ నియమం అంటారు. గోడ వెనుకో పొద చాటునో సగం దాగిన బొమ్మను కాల్చవచ్చు గాని, తగలాలంటే పాచికమీద ఇంకా పెద్ద అంకె పడాలి. చిత్తడిలోనూ, చెట్లమధ్యా, దున్నిన పొలంలోనూ సైనికులు మామూలు దూరంలో సగమే నడవగలరని అనేక నియమపుస్తకాలు నిర్ణయిస్తాయి. ఈ మూడూ లేని చదును బల్లమీద దూరం కాల్చగల సైన్యానిదే ఎప్పుడూ పైచేయి అవుతుంది, ఎత్తులు వెయ్యడానికి ఆటగాడికి అవకాశమే మిగలదు. సంక్రాంతి బొమ్మలకొలువు పక్కన ఆవాలు, రాగులు మొలకెత్తించి పొలమని చూపి, అద్దం ముక్కను చెరువని పెట్టే తెలుగు ఇళ్లకు ఇందులోని ఊహ కొత్తది కాదు. అయితే కొలువులోని నేలను ఎవరూ కొలవరు, దాటరు, ఈ నేలమీద మాత్రం ప్రతి అంగుళమూ లెక్కలోకి వస్తుంది.

యుద్ధాన్ని ఆటగా మార్చాలనుకున్న తొలి ప్రయత్నాల్లోనే నేల గురించిన ఆలోచన కనిపిస్తుంది. 1780లో జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌కు చెందిన యోహాన్ క్రిస్టియన్ లుడ్విగ్ హెల్విగ్ చదరంగాన్ని విస్తరించి, గడులకు వేర్వేరు రంగులు వేసి, ఆ రంగులనే కొండలుగా, నీళ్లుగా, చిత్తడిగా నిర్ణయించాడు. 1812లో ప్రష్యా రాజు మూడవ ఫ్రెడరిక్ విల్‌హెల్మ్‌కు గేయోర్గ్ లియోపోల్డ్ ఫోన్ రైస్‌విట్జ్ సమర్పించిన ఆటబల్ల అంతకన్నా ముందుకు వెళ్లింది. మొదట ఇసుకలో నేలను మలచి ఆడిన ఆయన, రాజుకోసం ఎత్తుపల్లాలు, రోడ్లు, నదులు, ఊళ్లు రంగుల్లో తీర్చిన పలకలను చేయించి, వాటిని ఏ విధంగానైనా మార్చి పేర్చుకునేలా సొరుగులున్న బల్లను తయారుచేయించాడు. నేటి ఆటగాళ్లు వాడే విడదీసి కలుపుకునే పలకలకు మూలం ఇక్కడే కనిపిస్తుంది. ఆయన కుమారుడు 1824లో ఈ ఆటను సంస్కరించి, పలకల స్థానంలో 1:8000 స్కేలు పటాలను ప్రవేశపెట్టినప్పుడు ప్రష్యా సైనికాధికారుల శిక్షణలో దానికి స్థానం దొరికింది. ఆ విధంగా సైన్యాల ఆట కాగితపు పటం మీదికి మారిపోగా, మూడు కొలతలున్న నేల మాత్రం పౌరుల వినోదంగా మళ్లీ పుట్టవలసి వచ్చింది.

ఆట కాకపోయినా ఈ చరిత్రలో చెప్పుకోక తప్పని పని ఒకటుంది. బ్రిటిష్ సైనికాధికారి విలియం సైబోర్న్ 1815నాటి వాటర్లూ యుద్ధభూమికి నమూనా తయారుచెయ్యడానికి పూనుకుని, ఆ యుద్ధంలో ప్రధానస్థానమైన లా హే సాంత్ అనే వ్యవసాయక్షేత్రంలో ఎనిమిది నెలలు మకాంవేసి నేలను కొలిచాడు. అప్పటికి బతికున్న అధికారులకు లేఖలు రాసి, వారి దళాలు ఎక్కడున్నాయో, ఎదుట శత్రువు ఎలా నిలిచాడో, చుట్టూ ఏ పంటలున్నాయో కూడా అడిగాడు. 1838లో లండన్‌లో ప్రదర్శించిన ఆ నమూనాలో 70,000కు పైగా బొమ్మలున్నాయి, అది నేడు లండన్‌లోని నేషనల్ ఆర్మీ మ్యూజియంలో ఉంది. మైలును తొమ్మిది అడుగులకు కుదించిన ఆ నేలమీద మనిషి నిజానికి మూడు మిల్లీమీటర్ల ఎత్తుండాలి. కాని అంత చిన్న బొమ్మ కంటికి ఆనదు కనుక సైబోర్న్ వాటిని సుమారు పది మిల్లీమీటర్లు చేయించాడు. అంతటి నిష్ఠతో కొలతలు తీసుకున్న మనిషి కూడా నేలకొక స్కేలు, బొమ్మకొక స్కేలు పాటించవలసి వచ్చిందన్న సంగతి, కింద రానున్న చర్చకు ముఖ్యం.

రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ 1881-82 చలికాలంలో స్విట్జర్లాండులోని దావోస్‌లో ఉన్నప్పుడు, సవతి కుమారుడు లాయిడ్ ఆస్బర్న్‌తో కలిసి అటక నేలమీద రంగుసుద్దలతో కొండలు, నదులు, రోడ్లు, వంతెనలు గీసి తగరపు సైనికులతో యుద్ధాలు నడిపాడు. హెచ్.జి. వెల్స్ 1913లో ప్రచురించిన 'లిటిల్ వార్స్' పుస్తకంతో ఇలాంటి ఆటకు అచ్చులో నియమాలు వచ్చాయి. వెల్స్ బల్ల వాడలేదు. గది నేలమీద చెక్కదిమ్మెలతో ఇళ్లు, గుట్టలు పేర్చి, తోటలో విరిచిన రెమ్మలను చెట్లుగా గుచ్చి, సుద్దతో నదులు గీశాడు. ఆయన నియమాల్లో ఒకటి ఇప్పటికీ మెచ్చుకోదగినది: ఒక ఆటగాడు నేలను అమర్చాలి, ఏ వైపునుంచి పోరాడాలో ఎంచుకునే హక్కు రెండో ఆటగాడిది. నేలే గెలుపును ఇవ్వగలదని గుర్తించిన మనిషి మాత్రమే ఇంత సులువైన, న్యాయమైన ఉపాయాన్ని కనిపెట్టగలడు.

రెండో ప్రపంచయుద్ధం తరువాత బ్రిటన్‌లో ఈ ఆటకు డొనాల్డ్ ఫెదర్‌స్టన్ 1962నాటి 'వార్ గేమ్స్' పుస్తకంతో విస్తృత ప్రచారం లభించింది. 1978లో నటుడు ఎడ్వర్డ్ వుడ్‌వర్డ్ సమర్పణలో టైన్ టీస్ టెలివిజన్ ప్రసారం చేసిన 'బ్యాటిల్‌గ్రౌండ్' కార్యక్రమంలో పీటర్ గిల్డర్ చేసిన నేలలను చూసి, బల్లమీద ఇంత అందమైన ప్రదేశం సాధ్యమా అని ఆశ్చర్యపోయి ఆ తరంలో ఎందరో ఈ పనికి పూనుకున్నారు. 1975లో ప్రారంభమైన గేమ్స్ వర్క్‌షాప్ సంస్థ 1983లో 'వార్‌హామర్' ఆటనూ, 1987లో 'వార్‌హామర్ 40,000'నూ విడుదల చేసింది. ఆ తొలి రోజుల్లో ఖాళీ డియోడరెంట్ డబ్బాతో యుద్ధవాహనం చేసుకోవడమెలాగో ఆ సంస్థ ప్రచురణలే పాఠకులకు నేర్పాయి. అచ్చుపోసిన ప్లాస్టిక్ ఇళ్లు, శిథిలాలు పెట్టెల్లో దొరకడం తరువాతి పరిణామం.

ఇక ఈ పనిలోని అసలు చిక్కు స్కేలు. బహుళప్రచారంలో ఉన్న 28 మిల్లీమీటర్ల బొమ్మను సుమారు 1:56 స్కేలుగా లెక్కిస్తారు. మామూలుగా వాడే ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు బల్ల ఆ లెక్కన నిజమైన నేలలో సుమారు నూరు మీటర్ల పొడవే అవుతుంది. నాలుగు కిలోమీటర్ల మేర సాగిన వాటర్లూ యుద్ధపంక్తిని అదే స్కేలులో పరవాలంటే డెబ్బై మీటర్ల బల్ల కావాలి. పాతకాలపు తుపాకి గుండు సుమారు నూరు గజాల దూరంలో పనిచేస్తుందనుకుంటే, అది ఈ బల్ల పొడవునంతా దాదాపు కప్పేస్తుంది, ఇక సైన్యం ముందుకు నడిచే పనే ఉండదు. అందువల్ల ఆటను రూపొందించేవారు బొమ్మలకు ఒక స్కేలునూ, దూరాలకు దానికన్నా ఎంతో చిన్నదైన వేరొక స్కేలునూ నిర్ణయిస్తారు, టెర్రైన్ కట్టేవారు ఆ రెండింటి నడుమ ఇరుక్కుంటారు. బల్లమీది రెండు ఇళ్లు ఒక పల్లెకు ప్రతినిధులవుతాయి. పదిహేను మీటర్ల చెట్టు 1:56లో 27 సెంటీమీటర్లు ఉండాలి గాని, అలాంటి చెట్లు పది పెడితే వాటివెనుకనున్న బొమ్మలు కనిపించవు, చెయ్యి దూరదు. అందుకని చాలామంది దాన్ని సగానికి కుదిస్తారు. ఇంటి విషయంలో మంచి పనివారు పాటించే పద్ధతి మరింత సూక్ష్మమైనది: గుమ్మం, కిటికీ బొమ్మ పక్కన నిలిపి పోల్చిచూసేవి కనుక వాటి కొలత తప్పకుండా ఉంచి, ఇంటి పొడవు వెడల్పులను మాత్రం ఎవరికీ అనుమానం రాకుండా తగ్గిస్తారు. ఆ గుమ్మమైనా అచ్చంగా 1:56లో ఉంటే ఇరుకుగా కనిపిస్తుంది, ఎందుకంటే బొమ్మ తన పాదాలకింద మూడు నాలుగు మిల్లీమీటర్ల మందమున్న గుండ్రటి పీఠంమీద నిలబడి ఉంటుంది. మెట్లు, మేడలు, కోటగోడ పైదారులు కూడా మనిషి పాదానికి కాక, ఆ పీఠపు 25 లేదా 32 మిల్లీమీటర్ల వెడల్పుకు సరిపోవాలి.

పని మొదలుపెట్టేవారు తరచు కొండతోనే మొదలుపెడతారు. ఆకుపచ్చని గుడ్డకింద పుస్తకాలు దొంతరగా పెట్టి గుట్ట అనుకోవడం పాత పద్ధతి, అందులో తప్పేమీ లేదు. నిలకడగల కొండ కావాలంటే మాత్రం పాలీస్టైరీన్ నురుగు పలకలు వాడతారు. ఇందులో రెండు రకాలున్నాయి. పెళ్లి మండపాల్లో అక్షరాలు కోసే థర్మోకోల్ మొదటిది. అది చిన్నచిన్న పూసలను ఉబ్బించి అతికించినది కాబట్టి, కత్తి పెడితే పూసలు రాలి అంచు గరుకుగా తేలుతుంది. ఇంటి కప్పులకు వేడి తగలకుండా పరిచే, ఎక్స్‌పీఎస్ అని పిలిచే దట్టమైన పలక రెండోది. అందులో పూసలుండవు, కత్తికి నున్నగా తెగుతుంది, గోరుతో నొక్కితే గుర్తు నిలుస్తుంది కనుక రాళ్ల సందులను పెన్సిలుతోనే గీయవచ్చు, నలిపిన అల్యూమినియం రేకు ఉండను ఒత్తి రాతి గరుకుదనాన్ని తేవచ్చు. నిక్రోమ్ తీగను విద్యుత్తుతో వేడిచేసి కోసే పరికరం రెండింటికీ పనికొస్తుంది గాని, తీగ మరీ కాగితే నురుగు మాడి హానికరమైన పొగ వస్తుంది. కిటికీలు తెరిచి, వేడి తగ్గించి కోయడం ఇందులో తప్పనిసరి జాగ్రత్త.

కొండ వాలు ఎలా ఉండాలన్నది చూపుకూ ఆటకూ మధ్య తగవును బాగా చూపిస్తుంది. నిజమైన గుట్టలా ఏటవాలుగా చెక్కితే సీసపు బొమ్మలు జారి ఒకదానిమీద ఒకటి పడతాయి, రంగు చెదురుతుంది. మెట్లుమెట్లుగా కోసి పేర్చితే బొమ్మలు కుదురుగా నిలుస్తాయి గాని కొండ కొండలా ఉండదు. రెంటినీ కలపడమే మేలైన మార్గం: కొండపైన బొమ్మలు నిలవడానికి చాలినంత చదును వదిలి, ఒకవైపు వాలును మెల్లగా దించి, మరోవైపు నిటారుగా తెగిన రాతిముఖాన్ని పెడితే, ఎక్కగల దారి ఏదో ఎక్కలేని చోటు ఏదో నియమపుస్తకం తిరగేయకుండానే ఆటగాడికి తెలిసిపోతుంది. కొండ చెదిరిపోకుండా అడుగున మూడు మిల్లీమీటర్ల మందమున్న, ఎండీఎఫ్ అనే చెక్కపీచు పలక అతికించి, దాని అంచును పల్చగా అరగదీస్తారు. ఆ పలకకు ఒకవైపే తడి జిగురు పూస్తే ఆరేటప్పుడు ముడుచుకుని వంగిపోతుంది. రెండోవైపు కూడా రంగు పూస్తే ఆ లాగుడు చాలావరకు సరితూగుతుంది. ఎండీఎఫ్‌ను అరగదీసేటప్పుడు లేచే దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి.

ఫెవికాల్ వంటి తెల్ల జిగురులో నల్లరంగు కలిపి నురుగు అంతటా దట్టంగా పూసి, దానిమీద జల్లెడపట్టిన ఇసుక చల్లితే రెండు పనులు ఒకేసారి పూర్తవుతాయి: నేలకు గరుకుదనం వస్తుంది, నురుగుకు కవచం ఏర్పడుతుంది. ఈ కవచం లేకుండా డబ్బాలోని స్ప్రే రంగు కొడితే, అందులోని ద్రావకం పాలీస్టైరీన్‌ను నిమిషాల్లో కరిగించి గుంటలు చేస్తుంది. రంగు వేసే పద్ధతి ముదురునుంచి లేతకు సాగుతుంది. ముందు ముదురు గోధుమరంగు పూస్తారు, అది ఆరాక కుంచెను లేతరంగులో ముంచి, గుడ్డమీద దాదాపు పొడిగా తుడిచి, ఎత్తైన భాగాలమీద మాత్రమే తాకిస్తూ లాగుతారు. డ్రైబ్రష్ అనే ఈ పద్ధతిలో గుంటల్లో నీడ, అంచులమీద వెలుగు తమంతట తామే ఏర్పడతాయి. చిన్న వస్తువుమీద అసలు రంగు మరింత ముదురుగా కనిపిస్తుంది కనుక, నిజమైన మట్టికన్నా ఒక మెట్టు లేతగా వెయ్యడం అనుభవజ్ఞుల అలవాటు.

గడ్డికి ఒకప్పుడు రంగువేసిన రంపపు పొట్టు వాడేవారు, ఇప్పుడు స్టాటిక్ గ్రాస్ అనే నైలాన్ నారల ముక్కలు ఆ స్థానాన్ని ఆక్రమించాయి. రెండునుంచి ఆరు మిల్లీమీటర్ల పొడవుండే ఈ నారలను అధిక వోల్టేజి ఉన్న జల్లెడలో పోసి, దాని రెండో తీగను తడి జిగురుకు తాకించి ఊపితే, నారలు విద్యుదావేశం పొంది, విద్యుత్‌క్షేత్రపు దిశలో నిలువుగా రాలి, ఒకదాన్నొకటి తోసుకుంటూ నిటారుగా గుచ్చుకుంటాయి. ఒకే రంగు నారలు చల్లితే నేల బిలియర్డ్స్ బల్లలా తేలిపోతుంది. పసుపు, ఎండుగోధుమ, లేతాకుపచ్చ నారలు కలిపి, అక్కడక్కడ మట్టిని వదిలేసినప్పుడే ప్రాణం వస్తుంది. పండిన గోధుమచేనుకు పాశ్చాత్య ఆటగాళ్లు కనిపెట్టిన ఉపాయం తెలుగువారికి ఆసక్తి కలిగించేది: కొబ్బరిపీచుతో చేసిన కాళ్లు తుడుచుకునే పట్టాను ముక్కలుగా కోసి, నడవడానికి కాస్త సందులు కత్తిరించి పొలంగా పెడతారు. కోనసీమలో రాశులుగా కనిపించే పీచు కూడా అదే.

అడవి విషయంలో ఎన్నో ఏళ్ల అనుభవం తేల్చిన పరిష్కారం ఒకటుంది. చెట్లను పలకకు శాశ్వతంగా అతికిస్తే వాటిమధ్య బొమ్మలు పట్టవు, విడివిడిగా పెడితే అడవి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేలక వాదనలు వస్తాయి. కాబట్టి ఆకులు రాలిన నేలలా తీర్చిన వంకరటింకర పలకను అడవి ఎల్లగా నిర్ణయించి, దానిమీద పీఠాలున్న చెట్లను వదులుగా నిలుపుతారు. దళం లోపలికి వచ్చినప్పుడు చెట్లను పక్కకు జరపవచ్చు, పలక అంచు మాత్రం కదలదు. చెట్టును సన్నటి తీగలు మెలిపెట్టి కొమ్మలుగా విడదీసి, జిగురు, రంగు పూసి, రంగుల్లో ముంచి ఆరబెట్టిన స్పాంజి తునకలను ఆకులుగా అతికించి చేస్తారు. 1944నాటి నార్మండీ పోరాటాలు ఆడేవారికి ఇంతకన్నా కష్టమైన పని బోకాజ్. ఫ్రాన్సులోని ఆ ప్రాంతంలో పొలాల చుట్టూ తరతరాలుగా పెరిగిన మట్టికట్టలు, వాటిమీద వేళ్లు అల్లుకున్న దట్టమైన కంచెలు ఉండి, ఒక్కొక్క పొలాన్నీ కోటగా మార్చాయి. కట్టనెక్కిన షెర్మన్ ట్యాంకు పల్చని అడుగుభాగం శత్రువుకు గురి అయ్యేది, దాంతో అమెరికన్ సైనికులు ట్యాంకుల ముందు ఉక్కు కోరలు అమర్చి కట్టలను చీల్చుకుంటూ సాగారు. ఒకటిన్నర మీటర్ల కట్ట 1:56లో 27 మిల్లీమీటర్లు, దానిమీద నాలుగు మీటర్ల కంచె మరో 71 మిల్లీమీటర్లు. నిజాయితీగా అంత ఎత్తు చేస్తే బల్లంతా గోడలమయమై ఆట సాగదు. కట్ట ఎత్తు తగ్గించకుండా కంచెను మాత్రం సగానికి కత్తిరించడం ఉత్తమం, ఎందుకంటే ఆ నేల కథంతా కట్టలో ఉంది, ఆకుల్లో లేదు.

నీటిని చాలామంది మొదట పోతతో సాధించాలనుకుంటారు గాని, లోతు భ్రమ పుట్టేది అడుగున వేసిన రంగునుంచి: నడుమ ముదురు, ఒడ్డున లేత మట్టిరంగు కలిసిపోయేలా వేసి పైన మెరుపు వార్నిష్ పూస్తే వాగుకు చాలు. రెండు ద్రవాలు కలిపి పోసే ఎపాక్సీ రెసిన్ మరింత అందమిస్తుంది, అయితే గట్టిపడేటప్పుడు వేడి పుట్టిస్తుంది కనుక పల్చటి పొరలుగా పోయాలి.

ఇటీవల త్రీడీ ప్రింటర్లు ఇంటింటికీ వచ్చి, శిథిలమైన చర్చి, వంతెన, కోటబురుజు ఏదైనా రాత్రికి రాత్రి అచ్చయి వస్తోంది. కట్టడాల సూక్ష్మవివరాలకు ఇది గొప్ప సాధనమే. పైకప్పు తీసి లోపల బొమ్మలు పెట్టుకోగల ఇళ్లను ఇంత చవకగా మునుపెన్నడూ ఎవరూ చేసుకోలేకపోయారు. అయితే ఒకే ఫైలు దించుకున్నవారందరి బల్లలమీదా ఒకే ఇల్లు లేస్తుంది. కొండ వంపు, వాగు మలుపు, గట్టు ఎత్తు ఆ ఒక్క యుద్ధానికి, ఆ ఒక్క బల్లకు తగినట్టు కోయాలంటే నురుగు పలక, కత్తి, కొలబద్ద ఇప్పటికీ మెరుగైన పనిముట్లు.

తెలుగునాట ఈ పని చెయ్యదలచినవారికి సామగ్రి కొరత లేదు. థర్మోకోల్, తెల్ల జిగురు, ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్, ఎమల్షన్ రంగులు చిన్న పట్టణంలోనూ దొరుకుతాయి. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్లపొణికి కర్ర తేలికగా చెక్కుడుపడుతుంది. పెట్టెల్లో అమ్మే నేలలు, పచ్చికలు ఎక్కువగా ఐరోపా పచ్చికబయళ్ల రంగుల్లో వస్తాయి, వాటిని యథాతథంగా పరిస్తే దక్కను నేల ఎప్పటికీ కనిపించదు. ఔరంగజేబు సైన్యం 1687లో ఎనిమిది నెలలు ముట్టడించిన గోల్కొండ చుట్టూ ఉన్నవి ఒకదానిమీద ఒకటి పేరుకున్న గ్రానైట్ గుండ్లు. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు కూలిన బొబ్బిలి కోట మట్టిగోడలది. నీళ్లు పెట్టిన వరిమడి సైన్యాన్ని అడుగడుగునా ఆపుతుంది, మోకాలెత్తు గట్టు పడుకున్న మనిషికి మాటవుతుంది, ఊరి చెరువుకట్ట ఆ చదునులో ఏకైక ఎత్తు. ఇవన్నీ ఆట నియమాలకు చక్కగా ఒదిగే నేలలు, తెలుగువారు రోజూ చూసేవి. ఈ పనికి పూనుకునేవారు ముందుగా పెద్ద కోట జోలికి పోకుండా, తమ ఊరి చెరువుకట్టను ఒక మూర పొడవున కోసి, కిందివైపు రెండు వరిమళ్లు తీర్చి, పైన నాలుగు తాటిచెట్లు నాటి చూడాలి; దానికి ఒక థర్మోకోల్ పలక, ఒక జిగురు డబ్బా, రెండు ఆదివారాలు చాలు.